పడమటి వీధి కొళాయి

ఇనుప కడ్డీని గుంతలోకి దించి వాల్వు చుట్టూ రెండు పోట్లు పొడిచాడు లింగప్ప. లోపల తేలో జెర్రో ఉంటే పక్కకు తప్పుకోవాలని. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, కడ్డీ అడుగున ఉన్న గూటిని వాల్వు తలకు తగిలించి, పైన ఉన్న అడ్డపట్టీని రెండు చేతులా పట్టుకున్నాడు. మూడున్నర చుట్లు తిప్పాలి. ఒకప్పుడు బీడీ కాలుస్తూ ఒంటిచేత్తో తిప్పేవాడు. ఇప్పుడు చుట్టుకొకసారి ఆగి, కడ్డీకి నుదురు ఆనించి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తోంది.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. చూస్తే అరవై అంటారు. మెడ కింద ఎముకల మధ్య గుప్పెడు గింజలు పోస్తే నిలిచేంత గుంటలు పడ్డాయి. పెదవుల మూలల్లో తెల్లటి పొక్కులు. వారం నుంచి కడుపు నిలవడం లేదు. చొక్కా ఎడం భుజం మీంచి జారిపోతుంటే, దాన్ని సర్దుకోవడం కూడా ఒక పనే అయిపోయింది.

ఇంకా వెలుగు రాలేదు. ఆరేళ్ళుగా ఆ ఊళ్ళో కొళాయిలకు నీళ్ళు వదిలే పని అతనిదే. రోజూ తూర్పు వీధితో మొదలుపెట్టి, వీధికి అరగంట చొప్పున ఐదు వీధులకూ వదిలి, ఆఖరున తన ఇల్లున్న పడమటి వీధికి వస్తాడు. ఈ రోజు నాలుగు గుంతలూ దాటి నేరుగా పడమటి వీధి గుంత దగ్గరికే వచ్చాడు. ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. ఇలా చేయడం దొంగతనమని అతని మనసులో ఉంది. ఎవరి నీళ్ళు ఎవరు దొంగిలించారని అడిగే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు కాబట్టి, అలాగే అనుకోనిద్దాం.

ఆ ఊరి న్యాయం గురించి కొంచెం చెప్పాలి. వరసగా నాలుగో ఏడూ వాన లేదు. పదకొండు బోర్లు వేస్తే పదింట్లో దుమ్మే లేచింది. మిగిలిన ఒక్క బోరు కరెంటున్నంతసేపూ తోడినా ట్యాంకు సగం దాటదు. పోయినేడు లింగప్పకు ఎయిడ్స్ అని తెలిసిన రోజున పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. చాలాసేపు ఆలోచించి తేల్చారు: లింగప్ప భార్య హనుమంతమ్మ, వీధిలో అందరూ పట్టుకున్నాక ఆఖరున బిందె పెట్టాలి. ఆఖరంటే ఎప్పుడో తెలుసా? కొళాయి బుస్సుమని గాలి వదిలాక. వాల్వులు తిప్పే పని మాత్రం లింగప్పే చేయాలి. చీకటితో లేచి తేళ్ళ గుంతల్లో చేతులు పెట్టే మొనగాడు ఇంకొకడు దొరకలేదు మరి! అతను వదిలిన నీళ్ళు తాగితే ఏమీ కాదట, అతని పెళ్ళాం ముందు పట్టుకుంటే మాత్రం వీధి వీధంతా పాడెక్కుతుందట. ఇన్ని తెలివిగల బుర్రలు ఒకే ఊళ్ళో పుట్టడం ఆ నేల చేసుకున్న పుణ్యం.

సంగతి బయటపెట్టింది సూదులాయన. వారానికి రెండుసార్లు మోపెడ్ మీద వచ్చి, జ్వరానికీ కీళ్ళనొప్పులకూ ఒకటే మందు పొడిచి పోయే మనిషి. ఆసుపత్రి చీటీ లింగప్పే అతనికి చూపించాడు, చదివి చెప్తాడని. చదివాడు. చదివి ఊరందరికీ చెప్పాడు, వాడి దగ్గరికి పోవద్దని. ఆ సూదులాయన దగ్గర ఉన్నది ఒక్క సూది. పొద్దున ఒకసారి ఉడకబెట్టి, సాయంత్రం దాకా దూదితో తుడిచి తుడిచి పొడుస్తాడు. దానికి మాత్రం ఊరంతా వరసకట్టి పిర్రలు చూపించింది. ఇప్పటికీ చూపిస్తూనే ఉంది.

బళ్ళారి గనుల లారీ నడిపే రోజుల్లో తెచ్చుకున్న జబ్బు అది. ఆ మాట హనుమంతమ్మ దగ్గర అతను దాచలేదు. ఆమె రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు, మూడో రోజు గంజి కాచి పెట్టింది. తర్వాత ఆమె ఒక్కతే అనంతపురం పోయి పరీక్ష చేయించుకుంది. నీకేమీ లేదమ్మా అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరూ చెయ్యి చాచి అందుకోలేదు.

కొళాయి నీళ్ళు దక్కక ఏడాదిగా ఆమె రెండు మైళ్ళ అవతల ఒక రైతు తోటబోరు దగ్గర పట్టి తెచ్చేది. మూడు రోజుల కింద ఆ రైతు కూడా దారికి కంప అడ్డం వేశాడు. నిన్న సాయంత్రం లింగప్ప గుడ్డలు మళ్ళీ పాడయ్యాయి. హనుమంతమ్మ వాటిని విప్పి మూలన పెట్టి, ఖాళీ కుండను వంచి చూసింది.

"నిన్ను కడగనీకి సుక్క నీళ్ళు ల్యా. నేనేం చేసేదయ్యా?" అంది. కోపంగా అనలేదు. అందుకే అతనికి తగిలింది.

"తెల్లారుజామున బింద తీసుకోని మన కొళాయికాడ ఉండు. అందరికన్నా ముందు నీకే ఇడుస్తా. ఒక్క బింద. ఎవరికీ తెల్దు" అన్నాడు.

ఎంత వెర్రివాడు! ఆ ఊళ్ళో నీళ్ళ చప్పుడు ఎవరికీ తెలియకుండా ఉంటుందా?

మూడున్నర చుట్లు పూర్తయ్యాయి. అరవై గజాల అవతల కొళాయి ముందు దగ్గి, తర్వాత ధారకట్టింది. హనుమంతమ్మ ప్లాస్టిక్ బిందె కింద పెట్టి, ధారకు అరచెయ్యి అడ్డంపెట్టి చప్పుడు తగ్గించాలని చూసింది. పక్కింటి అక్కమ్మకు, ఒళ్ళో పిల్ల గుక్కపట్టి ఏడ్చినా మెలకువ రాదు. కొళాయి చప్పుడుకు వచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోకుండా రెండు బిందెలతో ఉరికి వచ్చి, కొళాయి కింద ఎవరి బిందె ఉందో చూసి ఆగిపోయింది.

"ఓసి నీ మొగం మన్నుగాను, నువ్వా! తియ్యే బింద! తియ్!"

"ఒక్క బిందే అక్కా. నిండేదాకా ఓర్చుకో. ఆయప్పను కడగల్ల."

"మీ రోగం మా కొళాయికి అంటించల్లని చూస్తాండావా? రాండమ్మా, అందరూ రాండి, ఈయమ్మ చేసే పని సూడండి!"

వీధి లేచింది. పాతికమంది ఆడవాళ్ళు, యాభై బిందెలు. అందరూ హనుమంతమ్మను చుట్టుముట్టి తిట్టారు గానీ, బిందెను తీసి అవతల పెట్టే ధైర్యం ఒక్కరికీ లేదు. దాన్ని ముట్టుకోవాలి కదా! ఆమె తల వంచుకుని నిలబడింది. నీళ్ళు బిందె మెడ దాకా వచ్చాయి. ఏడాదిలో మొదటిసారి వాళ్ళ అసహ్యం ఆమెకు పనికొచ్చింది, ఒక్క నిమిషం. అంతలో అక్కమ్మ ఇంట్లోంచి వాములోంచి గడ్డి లాగే పొడుగాటి కర్ర తెచ్చి, దూరం నుంచి బిందెను పొడిచి పడేసింది.

నీళ్ళు మట్టిలోకి పోయాయి. ఇంకిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ తర్వాత కొళాయిని కడిగారు. బూడిదతో ఒకసారి, చింతపండుతో ఒకసారి, ఎవరో తెచ్చిన బ్లీచింగ్ పౌడరుతో ఇంకోసారి. గట్టంతా పేడనీళ్ళు చల్లారు. ఏడు బిందెలు ఖర్చుపెట్టారు దానికి. ఏడు! ఒక్క బిందె ఇచ్చి ఉంటే ఒక మనిషి ఒళ్ళు శుభ్రపడేది. ఆ లెక్క ఆ పాతికమందిలో ఒక్కతి నోటా రాలేదు.

లింగప్ప కడ్డీ ఊతంగా పట్టుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు. "నేనే తిప్పినా. ఆయమ్మను ఏమీ అనాకండి" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. హనుమంతమ్మ ఖాళీ బిందె తీసుకుని ఇంట్లోకి పోయింది. అతను వాల్వు మూసి, తూర్పు వీధికి నడిచాడు. కడ్డీని ఏ గుట్టల్లోకో విసిరేసి ఇంట్లో పడుకుని ఉంటే, ఊరు మధ్యాహ్నానికల్లా కాళ్ళబేరానికి వచ్చేది. విసరలేదు. తూర్పు వీధికి నిండా అరగంట వదిలాడు. ఆ మాటకొస్తే అతని మంచితనం చూసినా ఒళ్ళు మండుతుంది.

ఎండెక్కేవేళకు సర్పంచి ఆదెన్న పిలిపించాడు. ఆదెన్న పంచాయతీ ఆఫీసు అరుగు మీద, గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. ఆ గోడ మీదే సర్కారువాళ్ళు ఎర్ర రంగుతో 'ముట్టుకుంటే ఎయిడ్స్ రాదు' అని రాయించారు. ఆదెన్న వీపు రాపిడికి సగం అక్షరాలు చెరిగిపోయాయి. చుట్టూ నలుగురైదుగురు మగవాళ్ళున్నారు. లింగప్ప ఎండలో నిలబడ్డాడు.

"ఏమప్పా లింగప్పా, ఏం పని ఇది? ఊరు ఒక మాట చెప్పినాక మాటే కదా?"

"ఇంట్లో నీళ్ళు లేక మూడు దినాలాయె అన్నా. ఒక్క బింద."

"నీకు నీళ్ళు లేకపోతే ఊరంతా రోగం తెచ్చుకోవాల్నా? సాలుగానీ, కడ్డీ ఆడ పెట్టి పో. రేపట్నుంచి నువ్వు రావద్దు."

లింగప్ప కడ్డీని అరుగు ముందు నేల మీద పెట్టాడు. అది అక్కడే పడి ఉంది. ఆదెన్న దాన్ని చూశాడు, పక్కవాళ్ళను చూశాడు. ఒకడికి గొర్రెలు గుర్తొచ్చాయి, ఒకడు తువ్వాలు దులుపుకుంటూ లేచాడు. ఇంకొకడు, "నాకు నడుమునొప్పి కదన్నా" అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు.

ఆదెన్న గొంతు సవరించుకున్నాడు. "సరేలే. ఇంగొకడు దొరికేదాకా నువ్వే తిప్పు. గుడ్డ చుట్టి పట్టుకో."

"అట్లనే అన్నా. మరి మాకు నీళ్ళు?"

"అది మాత్రం కుదర్దప్పా. పోయిరా."

లింగప్ప వంగి కడ్డీ తీసుకున్నాడు. వంగినవాడు లేవడానికి చాలాసేపు పట్టింది. ఒక్క చెయ్యి ముందుకు రాలేదు.

ట్యాంకు దగ్గరికి పోయి, స్తంభం నీడలో కూర్చున్నాడు. కరెంటు వచ్చింది, మోటారు మోత మొదలైంది. పైన నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూ కాళ్ళు చాపుకున్నాడు. ట్యాంకు ఎంత నిండిందో ఆ చప్పుడును బట్టి అంగుళాలతో సహా చెప్పగలడు అతను. ఆ విద్య ఆ ఊళ్ళో ఇంకెవరికీ రాదు, ఎవరూ అడగనూ లేదు.

మధ్యాహ్నం హనుమంతమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి స్తంభానికి ఆనుకునే ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదవుల మీద ఈగలు. అతణ్ణి ముట్టడానికి జంకనివి ఆ ఊళ్ళో అవే.

ఆమె గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే వచ్చేవాళ్ళెవరో ఆమెకు తెలుసు. అతణ్ణి భుజాన వేసుకుని, ఒక్కతే ఇంటికి మోసుకుపోయింది. పెద్ద బరువేమీ లేడు. గడపలో పడుకోబెట్టి, తిరిగి వచ్చి కడ్డీ తీసుకుంది. పడమటి వీధి గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మూడున్నర చుట్లు తిప్పింది.

కొళాయి దగ్గర ఎవరూ లేరు. పీనుగ ఉన్న వీధి అది, అందులోనూ ఏ పీనుగ! తలుపులన్నీ ఓరగా మూసుకుని, సందుల్లోంచి కళ్ళు చూస్తున్నాయి. హనుమంతమ్మ బిందె పెట్టింది. నింపుకుపోయి కుమ్మరించింది. మళ్ళీ నింపుకుపోయింది. ఆరు బిందెల నీళ్ళతో భర్తకు తల నుంచి కాళ్ళ దాకా స్నానం చేయించింది. ఏడో బిందె నింపి, గట్టు మీద పెట్టింది, భర్తను పూడ్చి వచ్చాక చేతులు కడుక్కోవడానికి. తర్వాత వెళ్ళి వాల్వు మూసింది. నీళ్ళు ఒక్క చుక్క వృథా పోనివ్వలేదు. మొగుడి బుద్ధులే!

కళ్యాణదుర్గం పక్క ఊరి నుంచి ఆమె తమ్ముడు తిప్పేష్ కబురంది ఆటో వేసుకుని వచ్చాడు. పాడె మోసేవాళ్ళు లేక, బావను ఆటోలోనే ఊరి బయటి వంకగడ్డకు తీసుకుపోయి, తనే గుంత తవ్వాడు. ఊరు దూరంగా నిలబడి చూసింది. ఆదెన్న ముక్కుకు తువ్వాలు అడ్డంపెట్టుకుని అంత దూరం నుంచే కేకేశాడు.

"వాడు ముట్టినవన్నీ గుంతలో ఏసేయండప్పా! ఒక్కటి కూడా ఊళ్ళో ఉండకూడదు!"

"అన్నీనా అన్నా?" అంది హనుమంతమ్మ.

"అన్నీ అంటే అన్నీ! నీకు తెల్దా?"

ఆమె చాప వేసింది. కంబళి, కంచం, చొక్కాలు వేసింది. ఆఖరున కడ్డీని తెచ్చి భర్త పక్కన, కుడిచేతి వైపు పొడుగునా పెట్టింది. ఆదెన్న చూశాడు. పీడ విరగడైందన్నట్టు తలూపాడు. తిప్పేష్ మట్టి తోశాడు.

తిరిగి వచ్చాక హనుమంతమ్మ ఇంటికి గొళ్ళెం పెట్టి ఆటో దగ్గరికి నడిచింది. తిప్పేష్ గట్టు మీద బిందెను చూసి, "చేతులు కడుక్కోని ఎత్తుకో అక్కా, పోదాం" అన్నాడు. ఆమె బిందెను చూసింది. తలుపు సందులో అక్కమ్మను చూసింది.

"వద్దులేప్పా, మనూళ్ళో కడుక్కుందాం. ఇది ఉండనీ" అంది. తర్వాత తలుపు వైపు తిరిగి, "నిండు బింద పెట్టిపోతాండా అక్కా. దప్పికైతే తాగండి" అని ఆటో ఎక్కింది.

మర్నాడు తెల్లవారి ఐదు వీధుల్లోనూ బిందెలు వరసకట్టాక గానీ, ఊరికున్న ఆ ఒక్క కడ్డీ ఎక్కడుందో ఆదెన్నకు గుర్తు రాలేదు. లింగప్పను పూడ్చిన గుంత తవ్వమని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ ఒక్కడూ పార పట్టలేదు. కళ్యాణదుర్గం నుంచి ఇంకో కడ్డీతో మనిషి వచ్చేసరికి మూడు రోజులైంది. ట్యాంకులో నీళ్ళు ట్యాంకులోనే ఉన్నాయి. ముసలాళ్ళు, బాలింతలు కూడా బిందెలెత్తుకుని రెండు మైళ్ళు నడిచారు. అక్కమ్మ చంటిపిల్లకు నాలుక ఎండి ఏడుపు కూడా రాలేదు, దాన్ని ఎత్తుకుని అక్కమ్మ కొళాయి గట్టు దాకా రెండుసార్లు వచ్చి, చూసి, వెనక్కి పోయింది.

గట్టు మీద ఆ ప్లాస్టిక్ బిందెలో నీళ్ళు ఎండకు వేలెడు తగ్గాయి, అంతే.