పెద్దకోడలి పాస్‌ఫ్రేజ్

పదకొండేళ్ళుగా ఆ పెన్‌డ్రైవ్ తెరిచే పాస్‌ఫ్రేజ్ అనే రహస్యవాక్యం ప్రెస్సు మొత్తంలో పెద్దకోడలు ఒక్కదానికే తెలుసు. మామగారి ప్రెస్సులో పరీక్షల ప్రశ్నపత్రాలు అచ్చవుతాయి. ఒక్క ఫైలు బయటికి పొక్కినా ప్రెస్సు మూతే. అందుకే డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్ తాళం, నెట్ లేని లైనక్స్ మిషను, దాని ముందు పెద్దకోడలు. ఆమె వచ్చి నల్లతెర మీద నాలుగు ముక్కలు కొట్టేదాకా మామగారంతటి మనిషీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ వైభోగానికి దిష్టి తగిలింది.

కిందటి వారం మామగారు చిన్నకోడలి చేతా ఒక పాస్‌ఫ్రేజ్ పెట్టించారు. ఒకే డ్రైవ్‌కి రెండు తాళంచెవులు ఉండొచ్చట. పెద్దకోడలికి ఒంట్లో బాగోకపోతే పని ఆగకూడదట. మహాతల్లికి ఒంట్లో బాగానే ఉంది, ఒళ్ళు మండిందంతే. పెళ్ళయి వచ్చి రెండేళ్ళు కాలేదు, ఆ పిల్ల మిషనుకిచ్చే ఆజ్ఞలన్నీ కీబోర్డు చూడకుండా కొడుతుంది. పైగా నవ్వుతూ కొడుతుంది.

ఆవేళ పొద్దున్నే ఎవరూ రాకముందు పెద్దకోడలు మిషను ముందు కూర్చుంది. తోడికోడలి తాళంచెవి చెరిపేస్తే, పిల్ల రేపో మాపో మామగారి ముందు నీళ్ళు నమలాలి. అదీ పథకం. చెరిపే ఆజ్ఞలు రెండున్నాయి. ఒకటి, తాళంచెవి దాచిన గడి నంబరు చెప్తే, మన పాస్‌ఫ్రేజ్ అడిగి ఆ గడిలోది చెరుపుతుంది. రెండోది, ఏ పాస్‌ఫ్రేజ్ కొడితే దాన్నే చెరుపుతుంది. కుళ్ళుతో కళ్ళు మూసుకుపోయిన మనిషి రెండోది కొట్టింది. పాస్‌ఫ్రేజ్ అడగ్గానే పదకొండేళ్ళ అలవాటున వేళ్ళు తనదే కొట్టేశాయి. తీసిన గోతిలో తనే పడింది.

తెర మీద కొట్టినవి తుడిచేసి మూడుసార్లు డ్రైవ్ తెరవబోయింది. ఆ పాస్‌ఫ్రేజ్ చెల్లదని మిషను మూడుసార్లూ చెప్పింది. పది గంటలకి అచ్చు ప్లేట్లు తియ్యాలి. చచ్చినట్టు తోడికోడల్ని పిలిచి, ఏమైందో ఏమో తెరుచుకోవడం లేదంది.

ముందు ఏం కొట్టారో చూద్దామని చిన్నకోడలు పైబాణం మీట నొక్కుతూ పోయింది. తెర తుడిచినంత మాత్రాన మిషను మరిచిపోతుందా! కొట్టినవన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. తాళంచెవి చెరిపిన ఆజ్ఞ దగ్గర పిల్ల వేలు ఆగింది. పిల్ల కిందిబాణం నొక్కి, తన పాస్‌ఫ్రేజ్‌తో డ్రైవ్ తెరిచింది. తర్వాత కొత్త తాళంచెవి చేర్చే ఆజ్ఞ ఇచ్చి కుర్చీ ఖాళీ చేసింది.

"నీది మళ్ళీ పెట్టుకో అక్కా. నేను చూడనులే," అని గోడవైపు తిరిగింది.

మామగారు తలుపు దగ్గర్నుంచే డ్రైవ్ తెరుచుకుందా అని అడిగారు.

"అక్క తెరిచేసింది మామయ్యా."

ఆ మాటకి పెద్దకోడలు చల్లబడాలి. చల్లబడలేదు, ఇంకా కుళ్ళుకుంది. ఇన్నాళ్ళూ పిల్ల చురుకు చూసి, ఇప్పుడు మంచితనం చూసి. ఆ చోట తనుంటే ఆ మాట అనేది కాదు. ఆ సంగతి తనకి బాగా తెలుసు.

కొత్త పాస్‌ఫ్రేజ్‌ని మిషను రెండుసార్లు అడుగుతుంది. ఆమెది మొదట్నుంచీ ఒకటే: ఈ ఇంట్లో పెద్దదాన్ని నేనే. మొదటిసారి గబగబా కొట్టేసింది. రెండోసారి 'పెద్దదాన్ని' దగ్గర వేళ్ళు కదల్లేదు.