ఖాళీ గడి

ఆ ల్యాబ్ ఆవిడ అబద్ధమాడిందా? పొద్దున్నే దీపం పెట్టి కళ్లు మూసుకుంటే ఏళ్ల తరబడి నాకు అడ్డుపడిన ప్రశ్న ఇదే. దేవుణ్ణి అడగాల్సినవి బోలెడుండగా పరాయి మనిషి సంగతెందుకని నా భార్య విసుక్కునేది.

మా అక్కకు రక్తపరీక్ష చేసింది ఆవిడే. కౌంటర్లో ఇచ్చిన రిపోర్టులో అంకెలన్నీ సవ్యంగా ఉన్నాయి. బయట కుండపోత. డ్యూటీ దిగి వస్తున్న ఆవిడ మమ్మల్ని గుమ్మంలో చూసి, తన గొడుగు అక్క చేతిలో పెట్టింది. "రేపు వస్తారుగా, అప్పుడిద్దురు లెండి" అని తను తడుస్తూ వెళ్లిపోయింది.

రేపెందుకొస్తామో మాకు తెలియలేదు. మాటవరసకి అన్నదనుకున్నాం. అక్క నిశ్చింతగా ఇంటికొచ్చి, కాళ్లవాపును లెక్కచేయకుండా తిరిగింది. అసలు సంగతి తెలిసేసరికి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి.

వెళ్లి నిలదీస్తే ఆవిడ తెల్లబోయింది. "నమూనా చెడింది, మళ్లీ రక్తం ఇవ్వండని కింద గడిలో టైపు చేశానండీ." ఆ మాట కాగితంలో లేదు, కంప్యూటర్లోనూ లేదు. "తప్పు చేసి పైగా బుకాయింపా!" అంటూ యజమాని అందరి ముందూ ఆవిణ్ణి పనిలోంచి తీసేశాడు. "నేను రాశానండీ" అని అక్కకేసి ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

ఆ ల్యాబ్‌కి రిపోర్టులు టైపు చేసే కంప్యూటర్ పేజీ రాసిచ్చింది నా బావమరిదే. అప్పుడే వాణ్ణి అడిగాను. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు బావా" అన్నాడు.

నా కళ్లజోళ్ల కొట్టుకీ ఈమధ్య వాడే బిల్లుల పేజీ చేసిపెట్టాడు. మొన్న ఒకాయన బిల్లు కింద 'ఎడమ అద్దం మార్చాలి' అని కొట్టి ప్రింట్ నొక్కాను. కాగితం వచ్చింది, ఆ మాట రాలేదు. తెర మీద చూద్దును కదా, గడి కూడా ఖాళీ! ల్యాబ్ ఆవిడ మాట గుర్తొచ్చి వెంటనే బావమరిదికి ఫోన్ చేశాను.

సాయంత్రం వాడొచ్చాడు. "పేజీ అంతా ప్రింట్ చేస్తే మెనూలూ బటన్లూ కూడా వస్తాయి బావా. అందుకని కావలసిన ముక్క కాపీ చేసి, మిగతా పేజీ తీసేసి, ఆ ముక్కనే ప్రింటుకి పంపుతా. అయ్యాక పాత పేజీ మళ్లీ పెట్టేస్తా. జావాస్క్రిప్ట్‌లో నాలుగు వరుసల పని."

"మరి నేను కొట్టిన మాట?"

"కాపీలో గడి వస్తుంది గానీ, గడిలో మనం కొట్టింది రాదు. తర్వాత తెర మీద తిరిగి పెట్టేదీ కాపీయే, అందుకే అక్కడా ఖాళీ. సరిచేయడం మర్చిపోయా. ఊరికే చేసే పని కదా అని పాత కోడే తెచ్చి అతికించా."

"పాతదంటే ల్యాబ్‌దా?"

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. "ల్యాబ్‌లో వెంటనే సరిచేశాలే బావా."

"ఎప్పుడు?"

"ఆవిణ్ణి తీసేసిన వారానికే."

"నోరు విప్పలేదేంరా?"

"విప్పితే నాకింకెవరైనా పనిచ్చేవాళ్లా? అయినా చెబితే వదిన కిడ్నీలు తిరిగొచ్చేవా?"

అక్కడ ముందు ప్రింట్ నొక్కి, తర్వాత సేవ్ చేయడం అలవాటట. అంకెలు యంత్రం నుంచి వచ్చేవి కాబట్టి నిలిచాయి. చేత్తో కొట్టిన ఒక్క మాటే పోయింది. ప్రింటరేమో కింద కౌంటర్లో ఉండేది. పై అంతస్తులో టైపు చేసేవాళ్లు గడి ఖాళీ కాగానే మాట కాగితమెక్కిందని నమ్మేవాళ్లు.

మర్నాడు ల్యాబ్ యజమానికి చెప్పాను. "ఇప్పుడవన్నీ తవ్వడమెందుకండీ, ఆ పేజీ ఎప్పుడో మార్చేశాంగా" అన్నాడు. "మా తమ్ముణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తారా?" అని నా భార్య రుసరుసలాడింది. దేవుడు మాత్రం పేజీ అంతా చూస్తాడనుకునేవాణ్ణి. చూసి ఎందుకూరుకున్నాడో అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఆవిడ ఓ బట్టల కొట్టులో గుడ్డ కొలుస్తోందని వాకబు చేస్తే తెలిసింది. బావమరిది రానన్నాడు. డయాలిసిస్‌తో సగమైపోయిన అక్క మాత్రం గొడుగు పట్టుకుని ముందే ఆటో ఎక్కి కూర్చుంది.

"నువ్వు రాశావమ్మా. మా దాకా రాలేదు, అంతే" అంది అక్క. జరిగింది నేను చెప్పాను.

ఆవిడ కత్తెర పక్కన పెట్టి అంతా విన్నది. "ఎక్కడికి వెళ్లినా ఆ ల్యాబ్‌కి ఫోన్ చేసి అడిగేవాళ్లండీ. అడిగాక నన్ను తీసుకునేవాళ్లు కాదు." బల్ల మీది గుడ్డ మడత సర్దుతూ అంది: "కొన్నాళ్లకి నాకే అనుమానమొచ్చింది, నిజంగా రాశానా అని."

అక్క గొడుగు అందించింది. ఆవిడ తెరిచి, ఊచలు తడిమి చూసింది. "తుప్పు పట్టలేదే."

"నూనె రాస్తూ వచ్చానమ్మా. నీ మీద కోపంగా ఉన్నప్పుడు కూడా."

ఆవిడ గొడుగు మడిచి, బల్ల వెనక మేకుకి తగిలించింది. తర్వాత మా వెనక నిలబడ్డ ఆమెకేసి తిరిగి, "ఎన్ని మీటర్లండీ?" అని అడిగింది.