లింగమ్మ దించని గంటె

మోతె దాటాక కోదాడ వైపు వెళ్లే రోడ్డు మీద సాయమ్మ హోటల్ ఉంది. మా అమ్మ లింగమ్మ ఇరవై రెండేళ్లు అక్కడే వంట చేసింది. మూడేళ్ల క్రితం ఆ పొయ్యి ముందే పడిపోయి చనిపోయింది. ఇప్పుడు ఆ హోటల్ మీద ఫిర్యాదు వచ్చింది, విచారించాల్సిన ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌ని నేనే. మా అమ్మ అక్కడ పనిచేసిందని పైవాళ్లకు ఒక్క మాట చెబితే వేరే ఎవరినైనా పంపేవాళ్లు. చెప్పలేదు. నాకు ముక్కు మీద కోపం ఉంటుంది, ఆ హోటల్ మీద అయితే ఇంకా ఎక్కువ. మా అమ్మ ఊపిరితిత్తులు ఆ కట్టెల పొగకే పోయాయని నా నమ్మకం.

ఫిర్యాదు చేసినవాడు ఒక బస్సు ప్రయాణికుడు. భోజనానికి దిగి, ఎముకలతో కాచే బొక్కల పులుసు రెండోసారి పోయించుకుని, ఇంత బాగుందేమిటని అడిగాడట. పులుసు కాచే గంజు కడిగి మూడేండ్లయిందని, దాంట్లోనే రోజూ బొక్కలూ నీళ్లూ చింతపండూ కలుపుతామని వంట చేసే గీత ఉన్నమాట చెప్పేసింది. అతను తిన్నదంతా కక్కినంత పనిచేసి వీడియో తీసి మాకు పంపాడు. మూడేళ్లుగా ఖాళీ చేయని మాంసం పులుసు! నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ అలాంటి నేరానికి పేరు కూడా లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు వాకిట్లోనే నిలబడి నోటీసు ఇచ్చాను. రెండు రోజులు హోటల్ మూసేయాలి, గంజు ఖాళీ చేసి తోమాలి, ఇకనుంచి ఏ రోజుది ఆ రోజే వండాలి. సాయమ్మ చదువుకోలేదు, కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. వంటగదిలోకి మాత్రం నేను అడుగు పెట్టలేదు. అమ్మ పడిపోయిన చోటు చూడటం నావల్ల కాదు.

మూడో రోజు పొద్దున పదకొండింటికి మా ఆఫీసు అసిస్టెంట్ జాన్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. షట్టర్ సగం దించి ఉంది. సాయమ్మ, గీత గడపలోనే కూర్చున్నారు.

"నువ్వన్నట్టే రెండొద్దుల సంది బంద్ వెట్టిన బిడ్డ," అంది సాయమ్మ. "పొయ్యి ముట్టియ్యలే. గంజు మాత్రం ఖాళీ చెయ్యలే."

"ఎందుకు చేయలేదు? నోటీసు అంటే పెళ్లి పత్రిక అనుకున్నవా పెద్దమ్మా?"

ఆమె లేచి లోపలికి దారి చూపించింది.

వంటగదిలో కట్టెల పొయ్యి, దాని మీద నడుమెత్తు గంజు, మూత. పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాను. బూడిద చల్లగా, మెత్తగా ఉంది. రెండు రోజులు నిప్పు లేకుండా ఈ ఎండల్లో ఉన్న మాంసం ఏ కంపు కొడుతుందో తెలుసు కాబట్టి ముక్కు మూసుకుని, మూత తీయమని జాన్‌కి సైగ చేశాను.

మూత తీయగానే ఆవిరి లేచింది. పులుసు పొగలు కక్కుతోంది.

జాన్ మూత వదిలేశాడు. అది కింద పడి చాలాసేపు గిరగిరా తిరిగింది. నేను సంచిలోంచి థర్మామీటర్ తీసి పులుసులో ముంచాను. డెబ్బై ఎనిమిది. వండిన మాంసం అరవై అయిదు డిగ్రీలకు తగ్గకూడదని మేం అందరికీ చెప్పే లెక్క, ఇది దానికన్నా పైనే ఉంది.

"థర్మామీటర్ ఖరాబయిందేమో మేడం," అన్నాడు జాన్.

తాగేనీళ్ల బిందెలో పెట్టాను. ఇరవై తొమ్మిది. మళ్లీ గంజులో పెట్టాను. డెబ్బై ఎనిమిది. గంజు కింద, వెనక, గోడ పక్కన వెతికాను. గ్యాస్ లేదు, కరెంటు తీగ లేదు. ఆఫీసర్ భయపడకూడదు కదా, అందుకని అరిచాను.

"ఏం నాటకాలివి? ఎవరు వేడి చేస్తున్నారు దీన్ని?"

అప్పుడే ఆ వాసన నా ముఖానికి తగిలింది. పచ్చి ఎల్లిగడ్డ రెబ్బలు నలిపి ఆఖర్లో వేస్తే వచ్చే వాసన. అమ్మ ఒక్కతే అలా వేసేది. అమ్మ చీరలో, జుట్టులో, నా బడి సంచిలో కూడా అదే వాసన ఉండేది.

"ఎల్లిగడ్డ వేశావా?" అని గీతని అడిగాను.

"నేను పులుసుల ఎల్లిగడ్డ ఎయ్యను మేడం. మూడేండ్ల సంది ఏ పూటా ఎయ్యలే. ఏం ఏసి వండినా గిట్లనే అయితది. నా చేతి వంట నేనెన్నడూ ఈడ తినలే." ఆ మాట అంటుంటే గీతకు ఏడుపొచ్చింది.

పులుసులో నిలబెట్టి ఉన్న గంటె కదిలింది. ఎవరూ పట్టుకోలేదు. అంచు వెంట నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి ఆగింది. కాసేపటికి ఇంకో చుట్టు తిరిగింది. జాన్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని గోడకు అతుక్కుపోయాడు.

సాయమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి అప్పుడు చెప్పింది. వాళ్ల హోటల్లో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. వంట చేసే మనిషి పని మానేసే రోజు తన చేత్తోనే గంజు ఖాళీ చేయాలి, ఆఖరి గంటె పులుసు తనే తినాలి, ఆ తర్వాత గంటె తీసి కొత్తగా వచ్చే మనిషి చేతిలో పెట్టాలి. దాన్ని గంటె దించడం అంటారు. అది జరిగితేనే పాత చెయ్యి పోయి కొత్త చెయ్యి పొయ్యి మీదికి వచ్చినట్టు.

"లింగమ్మ పడిపోయిన్నాడు బయట నలభై మంది కూసున్నరు. పులుసు పొంగుతాంది. ఈ గీత పరేషానయి, పడిపోయినదాని చేతిలకెల్లి గంటె గుంజుకొని కలిపింది. గిరాకీ పోతదని నేనే కలుపుమన్న. పానం ఉన్నదో లేదో కూడ సూడలే. తప్పు నాదే బిడ్డ."

"అయితే తర్వాత పారబోయొచ్చు కదా?"

"నలుగురం పట్టినా గంజు లేవలే. గిరాకీకి తోడితే ఏం గాలే, పారబొయ్యనీకి తోడబోతే చెయ్యి కాలె. కడుపున పుట్టినోళ్లు దించొచ్చని పెద్దోళ్లు చెప్పిన్రు. నిన్నడుగుదమంటే దినాలనాడు కూడ నువ్వు ఈ దిక్కు మొకం తిప్పలే. ఆఫీసర్‌వి, ఏమంటవో అని బయపడ్డ."

నేను ఎందుకు మొహం తిప్పలేదో ఆమెకు తెలియదు. అప్పుడు నాకు మిర్యాలగూడలో కొత్తగా ఉద్యోగం. అమ్మ బస్సెక్కి, టిఫిన్ డబ్బాలో పులుసు పట్టుకుని వచ్చింది. ఎప్పుడు వండావని అడిగాను. నిన్నటిదాంట్లోదే అంది. తలకు టోపీ పెట్టుకోవని, చేతులకు సబ్బు పెట్టవని, ఇలాంటి తిండి పెడితే జైల్లో వేస్తారని ఆమె ఎదురుగానే డబ్బా మొత్తం సింకులో ఒంపేశాను. ఉద్యోగం తలకెక్కిన రోజులు. అమ్మ డబ్బా కడుక్కుని, అన్నం తినకుండా సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. నలభై రోజులకు చనిపోయింది. ఆమె చేతి ముద్ద నేను మళ్లీ తినలేదు, తప్పయిందని చెప్పనూ లేదు. ఈ మూడేళ్లలో ఆ సాయంత్రం గుర్తుకురాని రోజు లేదు.

లేచి చేతులు కడుక్కున్నాను. టోపీ, గ్లవ్స్ సంచిలోనే వదిలేశాను.

"శాంపిల్ తియ్యద్దా మేడం?" అన్నాడు జాన్.

"నువ్వు బయటికి పో జాన్."

అతను పోలేదు. మంచివాడు.

గంటె పట్టుకున్నాను. కాలలేదు. పిడి గోరువెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో వదిలినట్టు. గంటె మీద గంటె తోడి బకెట్లలో పోస్తుంటే గీత మోసుకెళ్లి వెనక గుంతలో ఒంపి వచ్చింది. చేతులు పీకేసినా ఎవరినీ పట్టుకోనివ్వలేదు. గంజులో పులుసు తగ్గేకొద్దీ ఆవిరి పలచబడింది. నాకు భయం కూడా తగ్గింది, దాని బదులు ఏడుపు ముంచుకొచ్చింది. ఇది అయిపోతే అమ్మది ఇక ఈ భూమ్మీద ఏమీ మిగలదు.

అడుగున ఆఖరి గంటె మిగిలింది. సాయమ్మ పళ్లెంలో ఇంత అన్నం పెట్టి ముందు పెట్టింది. ఇలాంటివి తిని దవాఖానల్లో పడ్డవాళ్ల మీద ఎన్నో రిపోర్టులు రాశాను. అయినా అన్నంలో పోసుకుని కలిపాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసింది, కారం నాకు సరిపోయేంతే ఉంది. నేను కారం తినలేనని అమ్మ చిన్నప్పుడు నాకు విడిగా తీసి పెట్టేది. ఇన్ని వందల మందికి వండిన గంజు, అడుగున మాత్రం నాకోసం వండి ఉంది.

"అమ్మా, తప్పయింది," అన్నాను. వినేవాళ్ల ముందు సిగ్గుపడకుండా గట్టిగానే అన్నాను. పళ్లెం ఊడ్చి తిన్నాను.

గంజు మీద చెయ్యి పెట్టి చూసింది సాయమ్మ. "సల్లవడ్డది," అంది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వాసన కూడా పోయింది. గదిలో బూడిద వాసన, తడి సిమెంటు వాసన మాత్రమే ఉన్నాయి. అమ్మ వెళ్లిపోయిందని నాకు స్పష్టంగా తెలిసింది.

"ఇగ గీత చేతుల పెట్టు బిడ్డ. రేపటి సంది నువ్వు జెప్పినట్టే, ఏ రోజుది ఆ రోజే వండుతం. కావాల్నంటే గ్యాస్ పొయ్యి కూడ తెస్త."

గీత చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు చాపింది. ఆమె ముఖంలో మూడేళ్ల ఆశ కనిపించింది. నేను గంటె ఆమె అరచేతిలో పెట్టాను. పెట్టాననే అనుకున్నాను. నా వేళ్లు విడలేదు.

గీత మెల్లగా లాగింది. నేనూ వదలబోయాను. వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి. జాన్ వచ్చి ఒక్కొక్క వేలూ విప్పబోయాడు, విప్పిన వేలు విప్పినట్టే మళ్లీ మూసుకుంది. వెనక్కి చూశాను. నా వెనక ఎవరూ లేరు. నా చెయ్యి మీద ఇంకో చెయ్యి ఉందేమోనని వెతుక్కున్నాను, అదీ లేదు. వెచ్చదనం లేదు, చల్లదనం లేదు. అవి నా వేళ్లే. పట్టుకున్నది నేనే.

"అక్కా, ఇయ్యరాదే," అంది గీత. మేడం అనడం మరిచిపోయింది.

"ఇస్తున్నా," అన్నాను. "ఒక్క నిమిషం."

సాయమ్మ నా చేతి వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూసింది. ఈసారి వదలలేనిది లింగమ్మ కాదు, నేనేనని ఆమెకు అర్థమైంది. గీత భుజం పట్టి వెనక్కి జరిపింది.

"ఉండనీ. గుంజకు. పోయినసారి గుంజినందుకే గదా గిట్లయింది." తర్వాత జాన్‌తో అంది, "నువ్వు ఆఫీసుకు పో సారూ. మేడం రానీకి జర టైం పడతదని చెప్పు."

"ఎంత టైం?" అన్నాడు జాన్.

సాయమ్మ జాన్‌ని, గీతని బయటికి పంపి, తనూ వెళ్లి షట్టర్ కిందివరకూ దించేసింది.