ఒఫేలియా అక్క పెరటి గడ్డి

పద్నాలుగేళ్ళ కిందట ఆ ప్లాస్టిక్ గడ్డి పరిచింది ఇద్దరం, నేనూ మా తమ్ముడు లాసరో. పీకడానికి నేనొక్కణ్ణే వచ్చాను.

"అంతా అణిగిపోయిందిరా అన్సెల్మో. కుక్క ఉచ్చ కంపు. జూన్‌లో కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే" అంది అక్క. "తీసేస్తే గులకరాళ్ళు పోయించి ఎండకు ఓర్చే మెస్కీట్ చెట్టొకటి పెట్టుకుంటాను."

"పరిచిన రోజు పచ్చగా ఉందని చెప్పులు విప్పి నడిచావు."

"ఆ రోజు నీకూ నడుముండేది. మాటలాపి పీకు."

తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెట్టాను. అరిజోనా ఎడారిలో, మా మేసా ఊళ్ళో ఎనిమిది దాటితే ఎండ మనిషిని నిలబడనివ్వదు. అంచుల్లో మేకులు తుప్పుపట్టి విరుగుతున్నాయి. కత్తితో రెండడుగుల వెడల్పున చీరి చుడుతుంటే, పోచల మధ్య మేం చల్లిన ఇసుక జలజలా రాలింది. ఆ ఇసుక బస్తాలు లాసరో భుజానికి రెండేసి మోసేవాడు. మోస్తూ పాడేవాడు. గొంతు దరిద్రంగా ఉండేది. "నోరుముయ్యి, పక్కింటి కోళ్ళు గుడ్లు మానేస్తాయి" అంటే ఇంకా గట్టిగా అందుకునేవాడు. మధ్యాహ్నం అక్క మచాకా, అదే ఎండు గొడ్డుమాంసం కూర, పెట్టి చుట్టిన రొట్టెలు తెచ్చేది. ముగ్గురం గోడ నీడలో కాళ్ళు చాపుకుని తినేవాళ్ళం. అంత రుచిగా మళ్ళీ ఎప్పుడు తిన్నానో నాకు గుర్తులేదు.

అక్క కూతురు యెసేనియాకు పదిహేనేళ్ళు నిండిన పండుగ కోసం పరిచిన గడ్డి అది. మా పనిలో ఒక పద్ధతుంది. పోచలు ఒక పక్కకే వాలి ఉంటాయి. చుట్టలన్నీ ఒకే దిక్కుకు వాలేలా పరచాలి, లేకపోతే ఎండ పడగానే ఒక చార వేరే రంగు కొడుతుంది. అందుకే పరిచే ముందు చుట్ట అడుగున ఉండే గుడ్డ మీద మైనపు పెన్సిల్‌తో బాణం వేసుకుంటాం. నాది ఎర్రది, వాడిది నీలం. మధ్యలో మిగిలిన చివరి చుట్ట మాత్రం పొద్దుగూకాక, కంటికి ఆనని వెలుతురులో అతికించాం.

మర్నాడు యెసేనియా గులాబీ రంగు గౌనులో పెరట్లోకి వచ్చింది. ఫోటోలు తీసేవాడు కెమెరా దించి, "ఆ మధ్యలో చారేమిటండీ?" అన్నాడు. జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పనిచేసి లాసరోను పదకొండు దాకా చదివించినవాణ్ణి. అందరి ముందూ వాడి మీద పడ్డాను.

"పదకొండు తరగతులు వెలగబెట్టావు, బాణం ఎటుందో చూడ్డం రాలేదురా గాడిదా?"

లాసరో చేతిలో కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మూడు గంటల దూరాన ఉన్న యూమాలో ఇల్లు తీసుకున్నాడు. వాడి పెళ్ళికి నన్ను పిలవలేదు. పిలవకపోతే పోనీ అనుకున్నాను. పద్నాలుగేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను.

ఏడింటికి ఆ చార దగ్గరికి వచ్చాను. చీరి, తిరగేశాను. అడుగు గుడ్డ మీద మట్టి తుడిస్తే బాణం కనిపించింది. మిగతావన్నీ ఇంటివైపుకి, ఇదొక్కటే గోడవైపుకి. ఎర్రది.

దాని పక్కనే చిన్నగా, నీలం రంగులో ఒక ప్రశ్న గుర్తు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తుకు రావడమేమిటి, నేను తొక్కిపెట్టిందే పైకి లేచింది. "అన్నా, ఇది తిరగబడిందేమో, ఒకసారి చూడు" అన్నాడు వాడు. "పెద్దవాణ్ణి నేనా నువ్వా? జిగురు పుయ్యి" అన్నాను నేను. వాడు పూశాడు.

ఆ ముక్కను చుట్టకుండా పక్కన పెట్టాను. తర్వాత లోపలికి వెళ్ళి అక్క ఫోన్ అడిగాను. నా ఫోన్‌తో చేస్తే వాడు ఎత్తడు.

"ఎవరు పోయారు?" అన్నాడు లాసరో నా గొంతు వినగానే.

"ఎవరూ పోలేదురా. అక్క పెరట్లో గడ్డి పీకుతున్నాను."

"అయితే?"

"బాణం నాది. ఎర్రది."

అవతల వాడి కూతురు పళ్ళెం మీద చెంచా కొడుతోంది.

"నాకు అప్పుడే తెలుసు" అన్నాడు లాసరో. "నన్ను గాడిదన్నప్పుడు వందమంది ఉన్నారు. ఇప్పుడు చెవిలో చెబుతున్నావు. అన్నా, అది చాలదు."

పెట్టేస్తాడనుకున్నాను. "ఉండరా, ఒక్క నిమిషం" అని పెరట్లోకి పరుగెత్తాను. అక్కను పిలిచాను. అక్క వెనకే, తన పిల్లాణ్ణి చంకనేసుకుని యెసేనియా వచ్చింది. గోడ అవతల మొక్కలకు నీళ్ళు పెడుతున్న ముసలాయన దోన్ ఎలీసెయోను కూడా రమ్మన్నాను. ఆయన ఆనాడు అందరికంటే గట్టిగా నవ్వినవాడు.

"ఏమైందోయ్, పాము కనబడిందా?" అన్నాడాయన గోడ మీంచి తల పెట్టి.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి పైకెత్తాను.

"ఆ రోజు చార పడింది నా వల్ల. బాణం తప్పు వేసింది నేను. లాసరో చెప్పినా వినలేదు. గాడిదను నేనే."

అక్క ఏప్రాన్‌ను కొంగులా నోటికి అడ్డం పెట్టుకుంది. దోన్ ఎలీసెయో చేతిలో గొట్టం నీళ్ళు ఆయన బూట్లలోకే కారుతున్నాయి.

"సరిగా వినపడలేదు" అన్నాడు లాసరో ఫోన్‌లోంచి. "చివరి మాట మళ్ళీ చెప్పు."

వీధి చివరిదాకా వినపడేలా మళ్ళీ చెప్పాను.