టీ తోట దాటిన పచ్చ చుక్క

"నా సంకటి తెడ్డు కుళ్ళిన అరటిపండు కంపు కొడుతోంది, కటుసాబే!"

మేం తోరో తెగవాళ్ళం ఒకరినొకరు ముద్దుపేరుతోనే పిలుచుకుంటాం. తోటికోడల్ని అబ్వోలీ అనకుండా అసలు పేరు పెట్టి పిలిచానంటే నాకు ఒళ్ళు మండిందనే.

"ఒక్కసారే ఎర గుజ్జు కలిపానక్కా, కడిగేశాను కూడా. నీ తెడ్డుతో కలిపితే నీ చేతి చలవ నాకూ వస్తుందని."

"నా చేతి చలవ నా బోనులకే లేదు, నీకేం వస్తుంది!"

పొయ్యి దగ్గర అత్తయ్య నవ్వు ఆపుకుంది.

కిబాలే అడవిలో సీతాకోకచిలుకల లెక్క తీస్తున్న కుగోంజా మేడం మా ఇద్దరికీ చెరో అడవిదారి అప్పగించింది. చెట్లకి వలబోనులు కట్టి, లోపల పళ్ళెంలో అరటిపండూ జొన్నపిండీ కలిపి పులియబెట్టిన గుజ్జు పెట్టాలి. వచ్చినవాటిని పట్టుకుని, ఏ రకమో రాసి, రెక్క మీద రంగుచుక్క పెట్టి వదిలేయాలి. నాది పచ్చ, అబ్వోలిది ఎరుపు. ఈ నెల పని చూసి, ఏడాది పొడుగునా ఉంచుకునేది మాలో ఒకరినే.

కాలేజీలో వృక్షశాస్త్రం చదివి, పెళ్ళయినప్పట్నుంచీ అరటికాయలు ఒలుస్తున్నదాన్ని. ఆ ఉద్యోగం నాదేననుకున్నాను. కానీ అబ్వోలి బోనులు రోజూ కళకళలాడేవి. నావాటిలో ఈగలు.

నా దారి టీ తోటకి ఇవతల మిగిలిన చిన్న అడవి ముక్కలో ఉంది. ఆమెది అవతల పెద్ద అడవిలో. చెట్టు నీడలో బతికేవి ఎండలో తోట దాటవేమోనని మేడం దిగులు. దాటినది ఒక్కటి కనబడితే చాలని ఎదురుచూస్తోంది.

తెడ్డు గొడవ జరిగిన కాసేపటికే అబ్వోలి గడప దగ్గర కాలు బెణికించుకుంది.

"దాని బోనులు కూడా నువ్వే చూసిరా, అకీకీ," అంది అత్తయ్య.

నా దారి ముగించుకుని వెళ్ళాను. ఆమె మొదటి బోనే నిండుగా ఉంది. రెక్కలు వలకి తగిలి టపటపలాడుతుంటే పక్కింట్లో పెళ్ళిసందడి విన్నట్టయింది. గుజ్జు వాసన చూశాను. నాదెలా ఉందో ఇదీ అంతే.

చివరి బోనులో రెండు తోకలున్న గోధుమరంగుది కనిపించింది. రెక్కలు మూసి పట్టుకున్నాను. పచ్చ చుక్క!

నా పండు తిని, నా చేత చుక్క పెట్టించుకుని, అంత ఎండలో తోటంతా దాటి, ఈవిడ పళ్ళెంలో వాలింది!

ఏమీ రాయకుండా వేళ్ళు విప్పేస్తే సరి. చూసేవాళ్ళెవరు? మేడం ఎదురుచూస్తున్నది అబ్వోలి బోనులో దొరికిందని నా చేత్తో నేనే రాయాలా?

వెనక రెక్క అంచు ఏ పిట్టో పొడిచినట్టు చిరిగి ఉంది. ఆ చిరుగుతోనే అంత దూరం వచ్చింది.

రాశాను. నొక్కిన నొక్కుకి కాగితానికి చిల్లుపడింది. వదిలితే, సిగ్గులేనిది, మళ్ళీ ఆ బోను చుట్టూనే తిరిగింది.

సాయంత్రం రాగిముద్ద బుట్ట చుట్టూ అందరం కూర్చున్నాక ఆ సంగతి చెప్పాను.

"పచ్చ చుక్కదా? అయితే నీ చుట్టమే అక్కా, నన్ను చూసిపోదామని వచ్చింది!" కట్టుకట్టిన కాలు చాపుకుని అబ్వోలి పకపకా నవ్వింది.

"ఇంకేముంది, ఉద్యోగం మా ఆవిడదే," అన్నాడు మరిది. మా ఆయన తల దించుకుని చిక్కుడుగింజల పప్పులో ముద్ద అద్దుకున్నాడు.

"ఆగండి," అన్నాను. "నీ గుజ్జూ నా గుజ్జూ ఒకటే. సీతాకోకచిలుకలు వస్తున్నది నీ చేతికా, నీ అడవికా, తేలాలి. నీ కాలు తగ్గగానే దారులు మార్చుకుంటున్నాం. పెద్ద అడవి నాకు, ఆ ముక్క నీకు. మేడంతో నేనే మాట్లాడతాను. అక్కడ కూడా నాకు ఈగలే మిగిలితే, ఆ ఉద్యోగం నీకిమ్మని చెప్పేదీ నేనే."

"అవన్నీ నా వెనకే తోట దాటి వచ్చేస్తేనో?"

"వస్తే లెక్కపెట్టుకో, అబ్వోలీ."

"హమ్మయ్య, ముద్దుపేరొచ్చింది. కోపం తగ్గినట్టే," అంది అత్తయ్య.

"తగ్గలేదత్తయ్యా. తెడ్డు మాత్రం ముట్టుకోనివ్వను."