మిరప తొడిమల తోడు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో, సెలవులు అయిపోవస్తుండగా, నరసరావుపేటలో కుల్సుం తమ వంటింటిని ప్రయోగశాల చేసింది. ఆమె గుంటూరు కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. పక్కింటి రాజేశ్వరిది రసాయనశాస్త్రం. హాస్టల్లో ఒకే గది అయినా ప్రాక్టికల్స్ మాత్రం చెరోచోట. రెండు క్లాసులకూ పనికొచ్చే ప్రయోగం ఒకటి చేసి చూపిస్తే వారానికోసారి ఒకే బల్ల దగ్గర కూర్చోనిస్తామని మేష్టార్లు ఒప్పుకున్నారు. స్నేహితురాళ్ళిద్దరికీ ఆ బల్ల కావాలి.

ఇంట్లో మజ్జిగచుక్క లేనప్పుడు ఎండుమిరప తొడిమలు వేసి పాలు తోడుపెట్టడం ఆ ప్రాంతంలో అందరికీ అలవాటే. తోడుకునేది తొడిమలోని పులుపు వల్లా, దాన్ని అంటుకున్న సూక్ష్మజీవుల వల్లా? కాచి చల్లార్చిన పాలు మూడు గ్లాసుల్లో పోశారు. ఒకదాంట్లో తొడిమలు, ఇంకోదాంట్లో ఉడికించిన తొడిమలు వేశారు. మూడోదాంట్లో ఏమీ వేయలేదు. సూక్ష్మజీవుల పనే అయితే ఉడికించినవి వేసిన పాలు తోడుకోకూడదు. పులుపు తేల్చడానికి రాజేశ్వరి నీలం లిట్మస్ కాగితాలు తెచ్చింది.

తెల్లారి చూస్తే మూడూ గడ్డపెరుగే. కాగితాలన్నీ ఎర్రబడ్డాయి.

"పెరుగు బ్రహ్మాండంగా ఉంటే ఆ ఏడుపు మొహాలేంది?" అంది కుల్సుం తల్లి జైనాబ్ బీ.

"మూడూ తోడుకున్నాయి పిన్నీ," అంది రాజేశ్వరి.

"తోడుకోక? పాలు అట్నే వదిలేసి పోయారు. చానా చదివారుగానీ ఈ మాత్రం గ్యానం లేదే అని తలా ఒక చుక్క మజ్జిగ నేనే వేశా."

కుల్సుం నెత్తి పట్టుకుంది. "అమ్మీ! అయి పెరుక్కి కాదు!"

"ఏమే, పాలు పెరుక్కి కాక పరీచ్చకా?"

రాజేశ్వరి పకపకా నవ్వింది. కుల్సుంకి నవ్వు రాలేదు. మర్నాడే రైలు. మిగిలింది ఒక్క సాయంత్రం.

కూతురి మొహం చూసి జైనాబ్ బీ మళ్ళీ పాలు కాచింది. వాళ్ళు గ్లాసులు సర్దాక వంటింటి గుమ్మంలో పీట వేసుకు కూర్చుంది. టీ కోసం వచ్చిన భర్త అబ్దుల్ రహీమ్‌ని అక్కడే ఆపేసింది.

"ఇయ్యాల టీ లేదు. పాలు పరీచ్చలో ఉన్నయి. ముట్టుకోబాకండి."

"నా ఇంట్లో నాకే టీ లేదా!"

"కాలేజీలో చదివేది మీ కూతురే గందా!"

పొద్దున్నే మూతలు తీశారు. ఉడికించని తొడిమలున్న గ్లాసు తోడుకుంది. మిగతా రెండూ వంచితే పాలు కదిలాయి. ఒక్క కాగితమే ఎర్రబడింది. కుల్సుం రాజేశ్వరి చెయ్యి పట్టుకుని వంటిల్లంతా తిప్పింది.

"ఒకే బల్లే!" అంది.

జైనాబ్ బీ మజ్జిగ గిన్నె పట్టుకుని అప్పటికే వెనక నిలబడి ఉంది.

"అయిపోయిందా? ఆ రెంటికీ ఇప్పుడన్నా తోడెయ్యనిస్తారా?"