నంజు పత్యం

సంచి అడుగున సున్నుండల డబ్బా పెట్టి, దాని పక్కన కందిపొడి సీసా ఇరికించి, పైన ఛాయ చీరలు పరిచాను. పరిచాక సీసా మూత బిగించానో లేదోనని మళ్ళీ అన్నీ తీశాను.

"సర్దిందే ఎన్నిసార్లు సర్దుతావ్ అమ్మమ్మా? బొగ్గు బస్సు వెళ్ళిపోతే మళ్ళీ రేపే," అంది ఛాయ, పాపను భుజాన వేసుకుని.

అవి యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. నా మనవరాలు ఛాయాదేవి పురిటికి పటమటలో మా ఇంటికి వచ్చింది. మూడోనెల నిండాక ఉయ్యూరు దగ్గర అత్తవారింటికి వెళుతోంది. దాని తల్లి చిన్నప్పుడే పోతే నేనే పెంచాను. ఈ గుమ్మంలోంచి ఎవరు సంచి పట్టుకుని బయలుదేరినా నా చేతులు నిలకడగా ఉండవు. ఆ పూట దాని పాదాలు చూశాక అసలు నిలవలేదు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"నడిచి నడిచి వాచాయిలే."

"ఇంట్లో ఎక్కడికి నడిచావే?"

నవ్వుతూ బస్సెక్కింది.

ఒంటికి నీరు పడితే మావైపు నంజు అంటారు. నంజు మనిషికి పత్యం పెడతారు. పప్పు, పాలు మానాలి, నూనె చుక్క తగలకూడదు. పాతబియ్యం అన్నం, మిరియాల చారు, అంతే. మా అమ్మ కూడా అదే చెప్పేది. కానీ ఆ వేసవిలో గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పత్రికలో ఒక వైద్యుడు రాసినది కూడబలుక్కుని చదివాను. మనిషికి కండ పట్టేది, రక్తం నిలిచేది పప్పు, పాలు, గుడ్ల వల్లనట. అవి బాగా తక్కువైతే రక్తంలోని నీరు బయటికి ఊరి ఒళ్ళు వాస్తుందట. పాలిచ్చే తల్లికి అవి మరీ ఎక్కువ కావాలట. నూనో నెయ్యో లేకపోతే ఆకుకూరలోని సారం కూడా ఒంటికి సరిగా పట్టదట. వాపులన్నీ ఒకటి కావు, డాక్టరుకు చూపించండి అని కూడా రాశాడు.

చదివిన దగ్గర్నుంచీ కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ అనిపించేది. జ్యేష్ఠమాసంలో ఒక పొద్దున ఉండబట్టలేక ఉయ్యూరు బస్సెక్కాను.

ఛాయ వసారాలో మంచం మీద ఉంది. ముఖం ఉబ్బి కళ్ళు గీతల్లా అయిపోయాయి. వాళ్ళత్త పద్మావతమ్మ పక్కన కూర్చుని విసురుతూ చారన్నం కలిపి తినిపిస్తోంది.

"సున్నుండలు మేమే తినేశాం పెద్దమ్మగారూ, ఏమనుకోకండి. నంజు మనిషికి మినుములా? విషం కదూ!"

"విషం కాదమ్మా, దానికి అవే కావాలి."

"మా తోటికోడలు ఇలాగే వాచింది. ముద్దపప్పు కావాలని ఏడిస్తే నేనే పెట్టాను. వారం తిరక్కుండా పోయింది." ఆమె చారన్నం గిన్నె ఒళ్ళోకి లాక్కుంది. "మళ్ళీ ఆ పని నా చేత చేయించకండి."

నాకు కాలు నిలవక పెరట్లోకి వెళ్ళాను. ఛాయ మామగారు రత్తయ్య ఎడ్ల ముందు గోలెంలో ఏదో కలుపుతున్నాడు.

"ఏం పెడుతున్నారండీ?"

"ఉలవలండీ, తెలగపిండీని. ఏరువాక వస్తందిగా, ఎద్దుకి కండ ఉండొద్దూ?"

"అవి మానేసి వట్టి గడ్డీ కుడితీ పెడితే?"

"ఏముందండీ, కాడి కింద కూలబడుద్ది."

"మరి పాలిచ్చే గేదెకో?"

"పత్తిగింజలు పడకపోతే దాని పొదుగెండిపోద్ది."

"మరి పాలిచ్చే కోడలికి చారునీళ్ళేమిటండీ?"

రత్తయ్య గోలెంలోంచి చెయ్యి తీశాడు. వసారా వైపు తిరిగి కేకేశాడు.

"ఏవే, ఇంటున్నావా? పెద్దమ్మగారు మనకి గొడ్ల పాటి తెలివి లేదని తేల్చేశారు!"

"నన్ను కలుపుతారేం? గొడ్లని మేపేది మీరేగా!"

"కోడల్ని మేపేది నువ్వు గదంటే!"

ఛాయ పకపకా నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చి దిండుకు ఆనుకుంది. నేను చదివిందంతా పద్మావతమ్మకు చెప్పాను. మధ్యలో అడ్డురాకుండా విని తల ఊపింది.

"సరే, పెడతాను. గుడ్డు కూడా పెడతాను. మూఢం వెళ్ళనివ్వండి."

శుక్రుడు కనబడని ఆ రోజుల్లో ఏ మంచిపనీ మొదలుపెట్టరు. పత్యం విడవడానికి కూడా మంచిరోజు చూస్తారు.

"ఆకలికి మూఢమేమిటమ్మా?"

"మూఢంలో పత్యం విడిస్తే జబ్బు తిరగబెట్టుద్దండీ. ఒకసారి చూశాను. ఇంకోసారి చూడలేను."

రత్తయ్య వైపు చూశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "అవి ఆడోళ్ళ సంగతులు పెద్దమ్మగారూ, నేను మాట్టాడనండీ," అన్నాడు.

"పోనీ నాతో పంపండి. బెజవాడ ఆసుపత్రిలో చూపిస్తాను."

"మూఢంలో పసిపిల్లతో ప్రయాణమా అమ్మమ్మా?" అంది ఛాయ. "అత్తయ్య పెడతానందిగా. ఇన్నాళ్ళు ఉన్నాను, ఇంకాస్త ఉండలేనా? మూఢం వెళ్ళగానే నేనే వస్తాను. ఇంక బయలుదేరు, బస్సు తప్పిపోద్ది."

దాని భర్త వెంకటప్పయ్య బండి కట్టి నన్ను బస్సు దగ్గర దించాడు. "అమ్మ ఒప్పుకుంది గదండీ, ఇంకా కంగారెందుకు?" అన్నాడు. బస్సెక్కాను, దిగాను. వెనక్కి వెళ్ళి ఒక్క ముద్దయినా నేనే పెట్టి వస్తానన్నాను. "వద్దండీ, మొదటికే మోసం వచ్చుద్ది," అని చెయ్యి పట్టుకుని మళ్ళీ ఎక్కించాడు.

మూఢం శ్రావణం దాకా ఉంది. ఛాయ పటమటకు తిరిగి రాలేదు. 1944వ సంవత్సరం ఆషాఢంలో, తొలి ఏకాదశి మర్నాడు, అత్తవారింట్లో చనిపోయింది.